రెండు చిత్రముల నడుమ

విష్ణుధర్మోత్తర పురాణము తృతీయ ఖండమున వజ్రుడను రాజు మార్కండేయ మహర్షిని సమీపించి, దేవతామూర్తులను నిర్మించు శాస్త్రమును తనకు బోధింపుమని వేడుకొనును. చిత్రలేఖనము తెలియనివానికి ప్రతిమాశాస్త్రము బోధపడదని ముని సెలవిచ్చును. అట్లయిన చిత్రమునే బోధింపుడనగా, నృత్తము నెఱుగనివానికి చిత్రము దుర్గ్రాహ్యమనును. నృత్తమునకు వాద్యము, వాద్యమునకు గానము మూలములని ఒక్కొక్క మెట్టే క్రిందికి దింపుచు, తుదకు రాజును పాటకడకు తెచ్చి నిలుపును. రాతివిగ్రహము కావలెనని వచ్చినవాడు గాలిలో పుట్టి గాలిలో లయించు స్వరమును ముందు నేర్చుకొనవలసి వచ్చినది. ఈ సంవాదమును చదివినపుడెల్ల, పూర్వులు కళలకు ఈ వరుసను నిర్ణయించుటలో కొంత చమత్కారమును గూడ ఉద్దేశించిరేమో యని తోచెడిది. కాని కృత్రిమమేధతో బొమ్మలు కల్పించు ఉచిత సాధనములు చేతికి దొరకి, ఏ వస్తువును పోలని రూపములు కదలుచు మాఱుచు సాగిపోవు చిన్న చిన్న వీడియోలను కూర్చుకొనుట నాకొక వ్యసనమైన పిదప, ముని చెప్పినది చమత్కారము గాదనియు, పనివానికి గురువు చెప్పవలసిన మొదటి పాఠమేననియు నమ్మకము కుదిరినది.

నైరూప్య చిత్రమనగానే మన కన్నులకు గట్టునది గోడకు వ్రేలాడు పటమును, దానియెదుట చేతులు వెనుకకు కట్టుకొని నిలిచి “ఇంతకీ ఇది ఏం బొమ్మండీ?” అని ప్రక్కవానిని అడుగు పెద్దమనుష్యుడును. ఆ పెద్దమనుష్యుడే సాయంకాలము త్యాగరాజ ఆరాధనోత్సవమునకు పోయి, అరగంటసేపు తోడిరాగపు ఆలాపనను తలయూచుచు విని, అది దేనిని పోలియున్నదని ఒక్కమాఱైనను అడుగడు. చెవికి ఇచ్చిన స్వాతంత్ర్యమును కంటికి ఇచ్చుటకు మనము వెనుదీయుదుము. కారణము లేకపోలేదు. స్వరము కాలమునందు నడచును గావున దానిని వెంబడించుటయే వినుట యగును. పటము కదలక నిలిచియుండును గావున దానిని పట్టుకొని ప్రశ్నింప బుద్ధి పుట్టును. ఆ పటమే కదలసాగినచో, ఒక నీలవర్ణపు మరక మెల్లగా విచ్చుకొని, రేఖలుగా చీలి, ఆ రేఖలు ఒకదానినొకటి తఱుముకొని పోసాగినచో, చూచువాడు ‘ఇది ఏమి’ అనుట మాని ‘ఇక నేమగునో’ అనుకొనును. ప్రశ్న మాఱినచో చూపు మాఱినట్లే.

ఈ సంగతి ఐరోపా చిత్రకారులకు నూఱేండ్ల క్రిందటనే స్ఫురించినది. వాల్టర్ రూట్‌మన్ అను జర్మను చిత్రకారుడు గాజుపలకలపై రంగులు పూయుచు, తుడుచుచు, మార్పుమార్పునకును కెమేరాతో ఒక్కొక్క ఫ్రేము తీయుచు, 1921లో ‘లిష్ట్‌ష్పీల్ ఓపస్ 1’ అను చిత్రమును ప్రదర్శించెను. స్వీడను దేశస్థుడైన వికింగ్ ఎగ్గెలింగ్ ‘డయాగొనల్ సింఫనీ’కై తన ఆరోగ్యమును సైతము వెచ్చించి, 1925 మే నెలలో అది బెర్లిను నగరమున బహిరంగముగా ప్రదర్శింపబడిన కొలది దినములకే కన్నుమూసెను. వీరందఱిలోను నాకు ఆత్మీయుడుగా తోచువాడు ఆస్కార్ ఫిషింగర్. అతడు యౌవనమున రంగురంగుల మైనమును తెల్లమట్టితో కలిపి ముద్దగా చేసి, కోతయంత్రమున అమర్చి, పలుచని పొరలుగా కోయుచు, కోతకొక ఫ్రేము వంతున కెమేరాలోనికి ఎక్కించెను. ముద్దలోపల రంగులు ఎట్లు సుళ్లు తిరిగియున్నవో తెరపైని గూడ అట్లే సుళ్లు తిరుగును; స్థలమునందు నిద్రించుచున్న ఆకృతిని కాలములోనికి మేల్కొలుపుట యనగా ఇదియే. తరువాత అమెరికాకు పోయి డిస్నీవారి ‘ఫాంటాసియా’కు కొంతకాలము పనిచేసి, తన శుద్ధరూపములను వారు ఎఱిగిన వస్తువుల పోలికలోనికి దిద్దుచుండుట సహింపలేక ఆ కొలువు విడిచిపోయెను. 1947 నాటి అతని ‘మోషన్ పెయింటింగ్ నంబర్ 1’లో కుంచె ఒక్కసారి కదలిన తోడనే ఒక్క ఫ్రేము, బాఖ్ సంగీతము తోడుగా ఒక తైలవర్ణచిత్రము పుట్టి, పెరిగి, తనను తాను కప్పుకొనుచు పోవును. న్యూజీలండు వాడైన లెన్ లై 1935లో కెమేరాయే అక్కఱలేదని ఫిల్ముపైనే రంగులు పూసి ‘ఎ కలర్ బాక్స్’ను చేసెను. అది బ్రిటిషు తపాలాశాఖవారి పార్సెలు రేట్లను చాటు ప్రకటనచిత్ర మన్నచో నేటివారు నమ్మరు. నైరూప్యకళకు అంతటి ఉదారపోషకుడైన తపాలాశాఖ మరల పుట్టునా యని నా సందేహము. మన దేశమున అక్బర్ పదమ్‌సీ 1970 ప్రాంతమున బొంబాయిలో ‘సిజిజీ’ అను, ధ్వనియైనను లేని, రేఖల చిత్రమును నిర్మించెను. దానిని చూచినవారు ఆనాడు కొద్దిమంది, నేడును కొద్దిమందియే.

వీరందఱికిని సామాన్యమైనది ఒడలు విఱుచు శ్రమ. తెరపై ఒక్క సెకను గడచుటకు 24 ఫ్రేములు కావలెను. పొదుపరులు ఒక్కొక్క బొమ్మను రెండేసిమాఱులు వాడి 12తో సరిపెట్టుకొందురు. ఆ పొదుపుతోనే ఐదు నిమిషముల చిత్రమునకు 3,600 బొమ్మలు. నేడు ఆ 3,600 బొమ్మలను గీయుటకు చేయి అక్కఱలేదు, చెల్లింపవలసిన మూల్యమును లేదు. 2021 జనవరిలో ఓపెన్‌ఏఐ సంస్థ ‘క్లిప్’ అను నమూనాను వెలువరించినది. 40 కోట్ల చిత్రములను వాటి క్రింది వ్యాఖ్యలతో జతపఱచి నేర్చిన ఆ నమూనా, ఈ బొమ్మ ఈ మాటకు ఎంత దగ్గఱయో చెప్పగలదే కాని తాను గీయలేదు. దానిని బొమ్మలు గీయు మఱియొక నమూనాకు ముడివేసి, కొందఱు ఔత్సాహికులు గూగుల్ కోలాబ్ నోట్‌బుక్కులుగా వ్రాసి, అడిగినవారికి అడుగనివారికి గూడ పంచిపెట్టిరి. మఱుసటి యేడు ఆగస్టులో, మాటనుబట్టి తానే బొమ్మ గీయు ‘స్టేబుల్ డిఫ్యూజన్’ అను నమూనా బహిరంగముగా విడుదలయినది. పిమ్మట ఆ బొమ్మలను వరుసగా కదలించు ‘డిఫోరమ్’, వచ్చిన బొమ్మలను వీడియోగా కుట్టు ‘ఎఫ్‌ఎఫ్‌ఎమ్‌పెగ్’, రంగులు దిద్దుకొనుటకు ‘క్రీటా’: అన్నియును వెలలేనివే. గ్రాఫిక్స్ కార్డు గల కంప్యూటరు ఇంట లేనివాడు సైతము అంతర్జాలమున ఎఱవుదెచ్చుకొన్న యంత్రముతో పని సాగించుకొనవచ్చును. మధ్యలో తీగ తెగినచో తిట్టుకొని మరల మొదలుపెట్టవలెను, అంతే.

స్టేబుల్ డిఫ్యూజన్ వంటి యంత్రము బొమ్మను పుట్టించు తీరు తెలిసికొనదగినది. బోధన సమయమున దానికి ఒక చిత్రమును చూపి, ఆ చిత్రముపై ఇసుక చల్లినట్లు కొంచెము కొంచెముగా అర్థరహితమైన చుక్కలను చల్లి, తుదకు చుక్కలు తప్ప మఱేమియు మిగులకుండ చేయుదురు. చల్లిన చుక్క యేదో, క్రిందనున్న చిత్రమేదో కనిపెట్టుమని దానిని కోట్లాది పర్యాయములు పరీక్షింతురు. ఆ విద్యలో ఆరితేఱిన పిదప, అసలు ఏ చిత్రమును లేని వట్టి చుక్కల రాశిని దానియెదుట కుప్పవోసి, “దీని క్రింద ఫలానా బొమ్మ యున్నది, వెలికితీయుము” అని ఒక మాట చెప్పుదురు. లేనిదానిని ఉన్నదని నమ్మి అది తుడుచుచు పోవును. తుడిచిన కొలదిని బొమ్మ కనబడును. మబ్బులో ఏనుగును చూచు పిల్లవాని వంటిదే యిది గాని, ఆ పిల్లవానికి 585 కోట్ల చిత్రవ్యాఖ్యల పట్టికనుండి ఏఱిన పాఠములు చెప్పి కూర్చుండబెట్టిరి గావున, వాడు ఏనుగును చూడక మానలేడు.

చిక్కంతయు ఇచ్చటనే యున్నది. ఈ యంత్రము చదివినవన్నియు వ్యాఖ్య గల చిత్రములు. దాని ప్రపంచమున పేరులేని వస్తువు లేదు. ఇంతకుముందే, 2015లో, గూగుల్‌వారు ‘డీప్‌డ్రీమ్’ అను ప్రయోగమును ప్రకటించినపుడు ఆకాశముల నుండియు అన్నపుపళ్లెరముల నుండియు కుక్కముఖములు పొడుచుకొనివచ్చుట చూచి లోకము విస్తుపోయినది. దానికి నేర్పిన చిత్రసంపుటిలోని వెయ్యి తరగతులలో సుమారు 120 కుక్కజాతులే యుండెను. నేర్చినదానినే అది కలవరించినది. నేటి యంత్రములు అంతకన్న చదువుకొన్నవి. అయినను స్వభావము మాఱలేదు. రెండు చుక్కలు ప్రక్కప్రక్కన కనబడినచో కన్నులనుకొనును, నిలువుగీత కనబడినచో స్తంభమనుకొనును, ఎఱ్ఱని మడత కనబడినచో గులాబియని ఉబ్బిపోవును. దానిచేత ఏమియు గాని బొమ్మను గీయించుట, వాచాలునిచేత మౌనవ్రతము పట్టించుట వలె ప్రయాసకరము. ఫిషింగర్ ఏ పోలికలు సహింపలేక కొలువు వదలుకొనెనో, ఆ పోలికల భాండాగారమే నేడు మన పనిముట్టైనది.

అట్లయిన ఏ మాటయు ఇయ్యక ఊరకుందమా యని తోచవచ్చును. చేసిచూడవలసిన పరీక్షయే. ఆ మాటను వ్రాయవలసిన ప్రాంప్టు గడిని ఖాళీగా వదలినచో యంత్రము శూన్యమును చూపదు. దాని పాఠములలో తఱచుగా తగిలిన సరకు ఏదియో దానిని చూపును: సోఫా వేసిన గది, ఎవరిదో చిఱునవ్వుముఖము, తెల్లని నేపథ్యమున నిలిపిన చెప్పులజత. మాట లేనంతమాత్రమున అర్థము తొలగదు. తెలుగున వ్రాసి చూతమన్నచో మఱియొక వినోదము. ఆ మొదటితరపు నమూనాలు ఇంగ్లీషు చదువు చదివినవి. ఒక్కమాఱునకు 77 ముక్కలకు మించి మ్రింగలేవు. తెలుగక్షరమును అక్షరముగా గాక ముక్కలు ముక్కలుగా విఱిచి మ్రింగును గావున, ఒక్క చిన్న వాక్యముతోనే వాటి కడుపు నిండిపోవును. తెలియని భాష గదా, అర్థము పట్టుపడదు గావున నైరూప్యము దానంతట అదే రాగలదని ఆశపడి వ్రాసినచో, చీరకట్టిన స్త్రీయో, దండవేసిన దేవుని పటమో, అక్షరములను పోలు గీతలతో నిండిన గోడపత్రికయో ప్రత్యక్షమగును. అర్థము తెలియకున్నను ఊరు మాత్రము ఆనవాలు పట్టినదన్నమాట.

నాకు ఫలించిన మార్గము పదార్థమునుండి మొదలుపెట్టుట. పళ్లెములో పసుపునీళ్లు కలిపి, దళసరి చేతికాగితమును అందులో తడిపి, తడి యారక మునుపే సున్నపుతేటలో ముంచిన పుల్లతో ఒకచోట తాకింతును. తాకిన చోట ఎఱుపు పుట్టి, కాగితపు పీచువెంట కొమ్మలు వేయుచు, అంచులకడ నారింజవన్నెకు తిరిగి, పసుపులో కలిసి సమసిపోవును. మన పారాణి రంగే అది. పెండ్లిండ్లలో దానిని పాదములకు పూయుట ఎఱుగుదుము గాని, అది పుట్టుచుండగా నిలిచి చూచువారు అరుదు. ఆ మరకను ఫోనుతో ఫోటో తీసి, 512 చుక్కల చదరముగా కత్తిరించి, యంత్రమునకు ఆధారచిత్రముగా ఇత్తును. ప్రాంప్టున వస్తువుల పేర్లు చెప్పక, పనుల పేర్లు చెప్పుదును: తడియుట, పాకుట, విఱుగుట, ఆరుట. వలదను జాబితాలో ముఖము, కన్ను, పూవు, కట్టడము, అక్షరము మొదలగువానిని పేరుపేరునను వ్రాయుదును. ఆధారచిత్రమును ఎంతవఱకు నిలుపుకొనవలెనో తెలుపు అంకె ఒకటి కలదు. దానిని ఒకటికి దగ్గఱగా పెట్టినచో నా మరకయే నాకు తిరిగివచ్చును, సగమునకు దించినచో మరక తక్షణము పెదవులుగానో టమాటాగానో పండును. ఆ రెండింటి నడుమ, యంత్రము ఊహింప మొదలుపెట్టియు ఇంకను పేరుపెట్టని ఒక సన్నని పట్టీ యుండును. నా పనియంతయు ఆ పట్టీలో జరుగును.

ఇక కదలిక. దానికి సులభమైన దారియు, కష్టమైన దారియు నున్నవి. సులభమైనది డిఫోరమ్ చూపు దారి: వచ్చిన బొమ్మను పిసరంత పెద్దదిచేసి, లేక పిసరంత త్రిప్పి, మరల యంత్రమునకే ఆధారముగా నిచ్చి, వచ్చినదానిని మరల నిచ్చుట. ఫ్రేముకు రెండు శాతము వంతున పెద్దది చేయుచు పోయినచో 35 ఫ్రేములకు బొమ్మ రెట్టింపగును. చూచువాడు అంతములేని సొరంగమున పడిపోవుచున్నట్లు భ్రమించును. మొదటిసారి చూచినపుడు ఒడలు జలదరించును. పదవసారి చూచినపుడు ఆవులింత వచ్చును. అంతర్జాలమున ఈ సొరంగములు కుప్పతెప్పలుగా పడియున్నవి, వాటిలో నూటికి తొంబదియు ఒకే సొరంగము. ముందునకు దూసుకొనిపోవుట కదలికయే కాని నడక కాదని నా యభిప్రాయము. ఆలాపన చేయవలసినవాడు ఒక్క స్వరమును పెంచుచు పోయినచో దానిని రాగమందుమా? పైగా తన ఎంగిలి తానే తినుచుండుట వలన యంత్రమునకు రంగులు మితిమీఱి ముదురుట, అంచులు మాడినట్లగుట మొదలగు జాడ్యములు పట్టును. ప్రతి ఫ్రేమునందలి రంగులను తొలి ఫ్రేము రంగులతో సరిచూచి దిద్దు ఏర్పాటు లేనిదే నిమిషము గడచునప్పటికి తెర మంటలెగయును.

కష్టమైన దారిలో గణితము కొంత యడ్డువచ్చును, కాని ఆ గణితమే నాకు సంగీతమును మరల తెలియజెప్పినది. స్టేబుల్ డిఫ్యూజన్ తొలినమూనాలలో ప్రతి బొమ్మయు 64 అడ్డవరుసలు, 64 నిలువువరుసలు, నాలుగు పొరలు గల అంకెల పట్టికనుండి మొదలగును. మొత్తము 16,384 అంకెలు. ఇంతకుముందు చెప్పిన చుక్కల రాశి ఇదియే. ఈ పట్టికను అంకెకొక దిక్కు గల ఒక మహాకాశమున ఒక్క బిందువుగా భావించినచో, ఒక విచిత్రము కనబడును: యాదృచ్ఛికముగా ఏఱిన ఏ బిందువైనను కేంద్రమునుండి ఇంచుమించు 128 కొలతల దూరముననే యుండును. లోపల ఏ బిందువును పడదు, వెలుపలను పడదు; అన్నియు ఒక బ్రహ్మాండమైన గోళపు పెంకుమీదనే కాపురముండును. ఇట్టి రెండు బిందువులనుండి పుట్టిన రెండు బొమ్మల నడుమ కదలిక కల్పింపవలెనన్నచో, మొదటి బిందువునుండి రెండవదానికి చిన్న చిన్న అడుగులతో నడచుచు, అడుగడుగునకు బొమ్మ తీయవలెను. తెలివిగలవాడు సూటిగా నడుచును. సూటిగా నడచినవాడు దారి నడుమ గోళపు గర్భములోనికి, కేంద్రమునకు 90 కొలతల దూరమునకు, దిగజారును. ఆ చోటు యంత్రము ఎన్నడును చూడనిది. అందుచేత రెండు కొనలయందును నిగనిగలాడిన రంగులు నడిమికి వచ్చునప్పటికి వెలవెలబోయి, అంచులు కరగి, బూడిదవన్నె మసక మిగులును. పెంకును వదలక వంపుదారిన నడచినవానికి మాత్రము ప్రతి యడుగును సజీవముగా నుండును.

ఈ వంపుదారి సంగతి తెలిసిననాడు నాకు జ్ఞప్తికి వచ్చినది తోడిలోని గాంధారము. వీణమెట్టుపై ఆ స్వరమును సూటిగా మీటి నిలిపినచో శ్రుతి తప్పకున్నను అది తోడి గాదు. రిషభము వైపునకు మధ్యమము వైపునకు ఊగుచు, ఏ మెట్టునను స్థిరపడక తిరుగాడుటయే దాని గాంధారత్వము. రాగమును స్వరముల పట్టికగా వ్రాయవచ్చును, కాని వ్రాసిన పట్టికలో రాగము దొరకదు. స్వరమునకు స్వరమునకు నడుమ వ్రేలు పట్టిన వంపులో అది దొరకును. నార్మన్ మెక్‌లారెన్ అను కెనడా చిత్రకారుడు గూడ ఫ్రేములోని బొమ్మకన్న ఫ్రేమునకు ఫ్రేమునకు నడుమ జరుగునదే ముఖ్యమని చెప్పెడివాడు. అతని ‘బిగాన్ డల్ కేర్’లో, 1949 నాటిది, కొన్నిచోట్ల ఫ్రేముల సరిహద్దులనే లెక్కచేయక ఫిల్ము పొడుగునను రంగు లాగివేసినారు. యంత్రము చేతికి వచ్చిన పిదప ఆ మాటకు పదునెక్కినది. ఏలనన, బొమ్మ ఇప్పుడు వెలలేనిది, క్షణములో వచ్చునది, అడిగినవానికెల్ల దొరకునది. నడుమనున్నదానిని మాత్రము అది తనంతట తాను ఈయలేదు. ఎందుకనగా దారిలో సమానమైన అడుగులు వేసినను మార్పు సమానముగా రాదు. ఒకచోట ముప్పది యడుగులు నడచినను రంగు చెక్కుచెదరదు, మఱియొకచోట రెండడుగులకే లోకము తలక్రిందులగును. వేగిరపడినచోట అడుగులు చిన్నవి చేసి ఫ్రేములు పెంచవలెను, మొండికెత్తినచోట తుంచివేయవలెను, ఒక్కొక్కచోట నిలువవలెను. ఈ కాలప్రమాణము ఏ పట్టికలోను లేదు. నైరూప్యము సైతము ఇచ్చటనే సిద్ధించునని నాకు క్రమముగా బోధపడినది. విడిగా తీసిచూచినచో ప్రతి ఫ్రేమునందును యంత్రము ఏదో ఒక పేరును సగమైనను పలికియే యుండును. రెక్కయనియో, అలయనియో, చెవియనియో. ఆ పేరు పూర్తియగునంతలో దానిని తప్పించి మఱియొక పేరు వైపునకు త్రిప్పగలిగినచో చూచువానికి ఏ పేరును చిక్కదు.

నేను ఈ మధ్య కూర్చినదానికి మా మేనకోడలు వాయించిన తోడి ఆలాపనలో కొంత భాగము ఆధారము. ముందు బొమ్మలు చేసి తరువాత పాటను అతికించువారు కలరు. అట్టి వీడియోలలో పాట అద్దెకు వచ్చినదని వెంటనే తెలియును. నేను ఆలాపనను వినుచు, ఎచ్చట మీటు పడినది, ఎచ్చట తీగను లాగినది, ఎచ్చట నాదము సన్నగిల్లినది కాగితముపై గుర్తువేసికొని, మీటు పడినచోట తొలి చుక్కల రాశిని మార్చి, లాగినచోట వంపుదారి నడక సాగించి, సన్నగిల్లినచోట పసుపులోనికి ఎఱుపును విడిచితిని. సెకనుకు 12 ఫ్రేముల లెక్క. యంత్రము గంటలో ఇచ్చినదానిలో నిలుపుకొనదగినది ఏఱుటకు వారము పట్టుటయు కద్దు. ఉచితమైన వస్తువునకు ఇదియొక దోషము: ధరలేనిది గావున చేయి ఆగదు, చేయి ఆగదు గావున కుప్ప పెరుగును, కుప్ప పెరిగిన కొలదిని కన్ను మొద్దుబారును. ఫిల్ము కొనవలసివచ్చిన లెన్ లైకి ఈ బాధ లేదు.

మఱియొక సంగతి చెప్పక దాటరాదు. ఆ 585 కోట్ల పట్టికలోని చిత్రముల కర్తలను ఎవరును సెలవు అడుగలేదు. బ్రతికియున్న చిత్రకారుల పేర్లను ప్రాంప్టున జపించి వారి శైలిని పిండుకొనుట అందఱికిని అలవాటైనది; అమెరికాలో కొందఱు చిత్రకారులు 2023లో న్యాయస్థానమునకు ఎక్కిరి. మానవకర్తృత్వము లేని చిత్రమునకు కాపీరైటు లేదని ఆ యేడే అచ్చటి ఫెడరల్ న్యాయస్థానమొకటి తీర్పు చెప్పినది. నేను ఏ చిత్రకారుని పేరును ప్రాంప్టున వ్రాయను. నైరూప్యమును కోరువానికి ఈ నియమము పాటించుట కష్టము గాదు, ఒకరి శైలియు ఒక పేరే గదా. అయినను యంత్రము తిన్న ఉప్పు ఎవరిదో నాకు తెలియదన్న నిజము అంతమాత్రమున చెఱగిపోదు.

మా ఊర ఉన్నతపాఠశాలలో డ్రాయింగు మాస్టరుగా పనిచేసి విశ్రాంతి తీసికొనుచున్న పెద్దలొకరు నాకు ఆప్తులు. నీటిరంగులలో ఆకాశమును ఒక్క పూతతో దింపగల నేర్పరి. నేను చేయు పని వారికి మొదటినుండియు గిట్టదు. ఈ తోడి వీడియోను వారికి చూపింపగా, తొలినిమిషమంతయు పెదవి విఱుచుచునే యుండిరి. “ఇందులో నువ్వు చేసిందేమిటోయ్? గీసింది మిషను, వాయించింది మీ అమ్మాయి” అనిరి. నేను బదులు పలుకలేదు. వీడియో సాగుచుండెను. ఎఱుపు పసుపులోనికి పాకి, కొసలకడ ఆగి, కదలక నిలిచిన చోట ఆయన చేయెత్తి, “ఆపు, వెనక్కి తిప్పు” అనిరి. త్రిప్పితిని. మరల చూచి, “ఇక్కడ ఎక్కువసేపు నిలబెట్టావు. తీగ ఇంకా మోగుతూనే ఉంది, రంగు ముందే చచ్చిపోయింది” అనిరి.

“లేదు మాస్టారూ, నాదం సన్నబడేదాకా రంగు ఆగాలి. తొందరపడితే తర్వాతి మీటుకి బలం ఉండదు” అంటిని.

“బలం నిలబెట్టడంలో రాదోయ్, వదలడంలో వస్తుంది. కడిగిన రంగు ఆరేలోపే కుంచె ఎత్తెయ్యాలి. సగం తీసెయ్యి.”

ఆ చోట 18 ఫ్రేములున్నవి, అనగా సెకనున్నర. వానిని 9 చేయుమని ఆయన, ఒక్కటియు తగ్గింపనని నేను, కాఫీ చల్లాఱువఱకు వాదించుకొంటిమి. తరువాత 12నకు ఒప్పుకొందునని ఆయనే కొంత దిగివచ్చిరి. నేను 16నకు మించి దిగజాలనంటిని. బేరము తెగలేదు. వీడియోలో ఇప్పటికిని 18 ఫ్రేములే యున్నవి. ఆయన మా యింటికి వచ్చినపుడెల్ల కంప్యూటరు తెఱిపించి, ఆ చోటికే త్రిప్పించి, 12 అనియే పట్టుబట్టుచున్నారు.